అమెరికా దక్షిణాది కుటుంబాల వంశవృక్షాన్ని వెలికితీయడం ఎలా: జనాభా లెక్కలు, సమాధి రాళ్లు, పాత పత్రికలు

జార్జియా, ఉత్తర కరోలినా, టెక్సాస్ రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగువారు అక్కడి కుటుంబాలతో వియ్యమందడం ఇప్పుడు వింతేమీ కాదు. అలాంటి ఇంట్లో మనవడికో మనవరాలికో వంశవృక్షం గీయడానికి కూర్చుంటే కొన్ని కొమ్మలు కృష్ణా జిల్లాకో కరీంనగర్‌కో వెళ్తాయి, మిగిలినవి ఉత్తర జార్జియా పత్తి చేలల్లోకో టెన్నెసీ కొండల్లోకో వెళ్తాయి. మన వైపు సంగతులు పెద్దలను అడిగి, పొలం కాగితాలు చూసి కొంతవరకు రాబట్టవచ్చు. వియ్యాలవారి వైపు సంగతులు రాబట్టడానికి అక్కడి చరిత్రకు తగిన పద్ధతి ఒకటి ఉంది. దాన్ని అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఆల్ఫరెట్టా ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని వివరిస్తాను. అక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారు, పైగా దక్షిణాది పరిశోధనలో ఎదురయ్యే చిక్కులు దాదాపు అన్నీ ఆ ఒక్క చోటే కనిపిస్తాయి.

ముందుగా ఆ చిక్కు ఎక్కడుందో తెలుసుకోవాలి. దక్షిణాది రాష్ట్రాలు చాలావరకు మరణాల నమోదును ఆలస్యంగా ప్రారంభించాయి. రాష్ట్రస్థాయిలో అలబామా 1908లో, మిసిసిపి 1912లో, ఉత్తర కరోలినా 1913లో, దక్షిణ కరోలినా 1915లో, జార్జియా 1919లో ఈ పని మొదలుపెట్టాయి. అంతకుముందు పల్లెల్లో చనిపోయినవారికి సాధారణంగా మరణ ధ్రువపత్రం దొరకదు. కౌంటీ (మన జిల్లా వంటి పాలనా విభాగం) కోర్టుల్లో ఉండవలసిన వీలునామాలు, దస్తావేజులు, పెళ్లి రిజిస్టర్లు కూడా అగ్నిప్రమాదాల్లోనూ 1861-65 అంతర్యుద్ధంలోనూ అనేక చోట్ల నాశనమయ్యాయి. వర్జీనియాలో కొన్ని కౌంటీలు తమ పుస్తకాలు భద్రంగా ఉంటాయని రిచ్‌మండ్‌కు పంపించాయి. 1865 ఏప్రిల్‌లో ఆ నగరం తగలబడినప్పుడు అవి కూడా బూడిదయ్యాయి. ఈ లోటును పూడ్చుకోవడానికి మనకు మిగిలిన ప్రధానమైన ఆధారాలు మూడు: జనాభా లెక్కలు, సమాధి రాళ్లు, పాత పత్రికలు. వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను నమ్మదగినది కాదు. ఒకదానితో మరొకదాన్ని సరిచూసినప్పుడే సత్యం తేలుతుంది.

ఇంట్లోంచే మొదలుపెట్టండి

వియ్యపురాలినో, వాళ్ల పెద్దమ్మనో కూర్చోబెట్టి, తెలిసిన తరం నుంచి తెలియని తరం వైపు ఒక్కొక్క మెట్టు వెనక్కి వెళ్లండి. ప్రతి మనిషికీ పేరు, తేదీ, ఊరు అనే మూడు వివరాలు రాసుకోండి. ఊరితో పాటు కౌంటీ పేరు తప్పక ఉండాలి. ప్రసిద్ధుడైన పూర్వికుడి దగ్గర మొదలుపెట్టి ముందుకు రావాలని చూసేవారు చాలామంది దారి తప్పుతారు. ఆ ఇంట్లో పాత కుటుంబ బైబిల్ ఉంటే అది పెద్ద నిధి. దాని మధ్య పుటల్లో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాసి ఉంటాయి. అయితే ఆ పుటలతో పాటు బైబిల్ ముద్రించిన సంవత్సరం ఉన్న పుటను కూడా ఫొటో తీయండి. పుస్తకం 1885లో అచ్చయి, అందులో 1840 నాటి పుట్టుకలు కూడా ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో వరుసగా ఉంటే, వాటిని ఎవరో తర్వాత జ్ఞాపకం మీద ఆధారపడి రాశారని అర్థం.

కౌంటీ సరిహద్దు చూడకుండా వెతకవద్దు

దక్షిణాదిలో రికార్డులన్నీ కౌంటీ వారీగా ఉంటాయి, కౌంటీలేమో తరచూ చీలిపోయాయి, కలిసిపోయాయి. ఆల్ఫరెట్టా ఇప్పుడు ఫుల్టన్ కౌంటీలో ఉంది. కానీ 1857లో కాబ్, చెరొకీ, ఫోర్సైత్ కౌంటీల నుంచి కొంత కొంత భూమి తీసి మిల్టన్ అనే కౌంటీని ఏర్పాటు చేశారు, దానికి ఆల్ఫరెట్టాయే ముఖ్యపట్టణం. ఆర్థిక మాంద్యం దెబ్బకు ఆ కౌంటీ 1932 జనవరి 1న ఫుల్టన్‌లో కలిసిపోయింది. కాబట్టి ఒక కుటుంబం ఇల్లు కదలకుండా అదే పొలంలో ఉన్నప్పటికీ 1850 లెక్కల్లో చెరొకీలోనో ఫోర్సైత్‌లోనో, 1860 నుంచి 1930 వరకు మిల్టన్‌లో, 1940లో ఫుల్టన్‌లో కనిపిస్తుంది. ఈ సంగతి తెలియనివారు ఆ కుటుంబం రెండు సార్లు వలస వెళ్లిందని రాసుకుంటారు. ఏ సంవత్సరంలో ఏ చోటు ఏ కౌంటీ కిందకు వచ్చేదో షికాగోలోని న్యూబెర్రీ లైబ్రరీ తయారుచేసిన కౌంటీ సరిహద్దుల చారిత్రక అట్లాసులో చూడవచ్చు. ప్రతి తరానికీ ముందు ఈ అట్లాసు తెరవండి, ఆ తర్వాతే వెతకడం మొదలుపెట్టండి.

జనాభా లెక్కలు: 1950 నుంచి వెనక్కి

అమెరికాలో 1790 నుంచి పదేళ్లకొకసారి జనాభా లెక్కలు తీస్తున్నారు. వ్యక్తుల పేర్లున్న పుటలను 72 ఏళ్ల వరకు బయటపెట్టరు. 1950 లెక్కలు 2022 ఏప్రిల్ 1న విడుదలయ్యాయి, 1960 లెక్కలు 2032లో వస్తాయి. ఈ పుటల ఫొటోలను ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు, ఖాతా తెరిస్తే చాలు. యాన్సెస్ట్రీ డబ్బు కట్టి వాడుకునే సంస్థ. అక్కడి చాలా ప్రభుత్వ గ్రంథాలయాల్లో దాన్ని ఉచితంగా చూడనిస్తారు.

వెతికినప్పుడు సూచికలో కనిపించిన పేరుతో తృప్తిపడకండి. అసలు పుట ఫొటో తెరిచి, అడ్డంగా ఆ వరుస అంతా చివరిదాకా చదవండి. 1940 పుటలో ఒక పేరు పక్కన వృత్తంలో ఇంటూ గుర్తు ఉంటుంది. లెక్కలవాడికి వివరాలు చెప్పిన మనిషి ఆ గుర్తున్న వ్యక్తే. 1910 పుటలో పెళ్లి గడిలో ఎమ్ అక్షరం పక్కన 1 అని ఉంటే మొదటి పెళ్లి, 2 అని ఉంటే రెండో పెళ్లి. అదే పుటలో ముసలివారి వరుసలో సీఏ అని రెండక్షరాలు ఉంటే ఆయన కాన్ఫెడరేట్ సైన్యంలో, అంటే అంతర్యుద్ధంలో దక్షిణాది రాష్ట్రాల సైన్యంలో, పనిచేశాడని అర్థం. అలాంటివారి పింఛను కాగితాల కోసం వాషింగ్టన్ వైపు చూడకండి. కాన్ఫెడరేట్ సైనికులకు పింఛను ఇచ్చినవి రాష్ట్రాలు, అదీ ముసలితనంలో వారు నివసించిన రాష్ట్రాలు.

అన్నిటికన్నా విలువైనది 1900 పుట అని నా అభిప్రాయం. అందులో ప్రతి మనిషికీ పుట్టిన నెల, సంవత్సరం ఉంటాయి. పెళ్లయి ఎన్నేళ్లయిందో ఉంటుంది. తల్లుల వరుసలో ఎంతమంది బిడ్డలు పుట్టారు, ఎంతమంది బతికి ఉన్నారు అనే రెండు అంకెలు పక్కపక్కనే ఉంటాయి. 8, 5 అని కనిపించిందనుకుందాం. ఆ తల్లి ముగ్గురు బిడ్డలను పోగొట్టుకుంది. ఆ ముగ్గురి పేర్లు లెక్కల్లో ఎక్కడా దొరకకపోవచ్చు, ఎందుకంటే 1890 లెక్కల పుటలు 1921 జనవరిలో వాషింగ్టన్‌లోని వాణిజ్య శాఖ భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో దెబ్బతిని, మిగిలినవి ఆ తర్వాత ధ్వంసమై, నేటికి కొన్ని తునకలు మాత్రమే మిగిలాయి. 1881లో పుట్టి 1895లో చనిపోయిన పిల్ల జీవితమంతా ఆ ఖాళీలోనే పడిపోతుంది. అమ్మానాన్నల సమాధుల పక్కన ఉన్న చిన్న రాయి, స్థానిక వారపత్రికలో వచ్చిన రెండు వాక్యాల వార్త, ఈ రెండే ఆ పిల్ల పుట్టి బతికిందని చెప్పే సాక్ష్యాలు. కాబట్టి ఈ అంకెల తేడాను పుస్తకంలో పెద్దగా రాసి పెట్టుకోండి. సమాధుల తోటకు వెళ్లినప్పుడు మీరు వెతకవలసినది అదే.

1880 పుటలో కుటుంబ పెద్దతో ప్రతి ఒక్కరి బంధుత్వం, ప్రతి ఒక్కరి తల్లిదండ్రులు పుట్టిన రాష్ట్రం మొదటిసారిగా నమోదయ్యాయి. 1870, 1860, 1850 పుటల్లో బంధుత్వం ఉండదు. ఒక ఇంట్లో ఉన్న ఆడమనిషి భార్యో, చెల్లెలో, విధవరాలైన కోడలో పుట చెప్పదు, మనం ఊహించి రాయకూడదు. 1850కి ముందు ఇంటి పెద్ద పేరు మాత్రమే ఉంటుంది, మిగిలినవారిని వయసుల వారీగా గీతలతో లెక్కపెట్టారు. జార్జియా విషయంలో 1790, 1810 లెక్కలు పూర్తిగా పోయాయి, 1800లో ఒక్క ఓగల్‌తోర్ప్ కౌంటీ మిగిలింది. అంటే ఆ రాష్ట్రంలో పరిశోధన దాదాపుగా 1820 దగ్గర గోడకు తగులుతుంది. ఆ గోడ దాటడానికి రాష్ట్రం లాటరీ తీసి భూములు పంచినప్పటి జాబితాలు, పన్నుల పుస్తకాలు సాయపడతాయి.

పేరు దొరకనప్పుడు ఆ కుటుంబం అక్కడ లేదని తేల్చేయకండి. లెక్కలవాడు తనకు వినిపించినట్టు రాశాడు, వందేళ్ల తర్వాత ఆ చేతిరాతను ఇంకెవరో తమకు కనిపించినట్టు సూచికలో ఎక్కించారు. అందుకే ఉచ్చారణ ఆధారంగా పేర్లను ఒకచోట చేర్చే సౌండెక్స్ అనే పద్ధతి వచ్చింది. స్మిత్ అన్నా స్మైత్ అన్నా అందులో ఎస్ 530 అనే ఒకే సంఖ్య కింద ఉంటాయి. ఇంటిపేరు వదిలేసి, పేరు, వయసు, పుట్టిన రాష్ట్రం మాత్రమే ఇచ్చి వెతికి చూడండి. ముద్దుపేర్లు కూడా తెలిసి ఉండాలి: పాలీ అంటే మేరీ, ప్యాట్సీ అంటే మార్తా, శాలీ అంటే శారా కావచ్చు. అవేవీ ఫలించకపోతే ఆ ప్రాంతపు మిలీషియా డిస్ట్రిక్ట్ (జార్జియాలో కౌంటీ లోపలి చిన్న విభాగం) పుటలన్నీ ఒక్కొక్కటిగా తిప్పడమే మార్గం. మీ కుటుంబం దొరికిన తర్వాత కూడా ముందు మూడు పుటలు, వెనక మూడు పుటలు చదవండి. ఆడపిల్లను పక్క పొలంవారికే ఇచ్చి ఉండవచ్చు, చుట్టుపక్కల ఇళ్లలోనే అన్నదమ్ములు ఉండవచ్చు.

బానిసత్వ కాలపు పుటలు

దక్షిణాది కుటుంబ చరిత్ర రాసేవారు, ఆ కుటుంబం తెల్లవారిదైనా నల్లవారిదైనా, ఈ భాగాన్ని దాటవేయడానికి వీల్లేదు. 1850, 1860లలో బానిసలుగా ఉంచబడినవారిని వేరే షెడ్యూలులో రాశారు. పైన యజమాని పేరు ఉంటుంది, కింద వయసు, లింగం, రంగు మాత్రమే ఉంటాయి. కొన్ని అరుదైన చోట్ల తప్ప పేర్లుండవు. తెల్లవారి కుటుంబం 1860 పుటలో భూమి విలువ కన్నా చరాస్తి విలువ చాలా ఎక్కువగా కనిపిస్తే వెంటనే ఈ షెడ్యూలు తెరవండి, ఎందుకంటే ఆ చరాస్తి లెక్కలో మనుషుల విలువ కూడా కలిసి ఉంటుంది. ఆ కుటుంబపు పాత వీలునామాల్లో, ఆస్తి జాబితాల్లో వారి పేర్లు దొరికితే ఒక్క పేరు కూడా వదలకుండా ఎత్తి రాయండి, వాటిని అందరికీ అందుబాటులో పెట్టండి. ఎక్కడో ఒక నల్లజాతి కుటుంబానికి తమ ముత్తవ్వ పేరు దొరికే ఏకైక చోటు ఆ పుటే కావచ్చు.

నల్లవారిలో ఎక్కువమంది పేర్లు మొదటిసారి వచ్చిన లెక్కలు 1870వి. అక్కడి నుంచి వెనక్కి వెళ్లడానికి 1867 నాటి జార్జియా ఓటర్ల నమోదు పుస్తకాలు, విముక్తులైన బానిసల కోసం పనిచేసిన ప్రభుత్వ సంస్థ ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో కాగితాలు, 1865 నుంచి 1874 వరకు నడిచిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతా పుస్తకాలు ఉన్నాయి. ఆ బ్యాంకులో ఖాతా తెరిచినవారి తల్లిదండ్రుల పేర్లు, తోబుట్టువుల పేర్లు, కొన్నిసార్లు పాత యజమాని పేరు కూడా రాసుకునేవారు. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన పక్కింటి తెల్ల కుటుంబమే పాత యజమాని అనుకోకండి, చాలామంది వేరే ఇంటిపేర్లు ఎంచుకున్నారు.

ఆల్ఫరెట్టాకు ఆనుకొని ఉన్న ఫోర్సైత్ కౌంటీలో ఇంకొక విషయం తెలియాలి. 1912లో అక్కడి నల్లవారిని, వెయ్యికి పైగా మందిని, దౌర్జన్యంతో, బెదిరింపులతో తరిమేశారు. 1910లో అక్కడ కనిపించిన నల్లజాతి కుటుంబం 1920లో మాయమైతే ఆ వంశం అంతరించిందని రాయకండి; పొరుగున ఉన్న హాల్ కౌంటీలోని గెయిన్స్‌విల్‌లో, అట్లాంటాలో వెతకండి.

సమాధుల తోటలో

ఇల్లు కదలకముందు ఫైండ్ ఎ గ్రేవ్, బిలియన్ గ్రేవ్స్ వెబ్‌సైట్లలో రాయి ఫొటో ఉందేమో చూడండి. ఫొటో ఆధారం అవుతుంది. దాని కింద ఎవరో రాసిన బంధుత్వాలు, జీవిత వివరాలు ఆధారం కావు. వీలైతే స్వయంగా వెళ్లండి, ఎందుకంటే ఫొటోలో పక్క రాళ్లు కనిపించవు. దక్షిణాది పల్లెల్లో సమాధులు చర్చి ఆవరణలోనో, సొంత పొలం చివర చెట్ల కిందనో ఉంటాయి. చాలాచోట్ల పాదాలు తూర్పు వైపు ఉండేలా పాతిపెట్టారు. అక్షరాలు లేని మామూలు బండరాళ్లు వరుసగా నిలబెట్టి ఉంటే అవి కూడా సమాధులే. నల్లవారి పాత సమాధుల తోటల్లో రాళ్లకు బదులు గవ్వలు, పగిలిన పింగాణీ, నాటిన యుక్కా మొక్కలు గుర్తులుగా కనిపిస్తాయి. నేలంతా పాకిన బిళ్లగన్నేరు జాతి తీగ కూడా పాత సమాధులకు గుర్తు కావచ్చు, అక్కడ అడుగు జాగ్రత్తగా వేయాలి. ప్రైవేటు పొలమైతే యజమానిని అడిగి లోపలికి వెళ్లండి.

రాయిని చూడగానే అది ఎప్పటిదో ఆలోచించండి. జార్జియాలో పికెన్స్ కౌంటీ పాలరాయికి, ఎల్బర్టన్ గ్రానైటుకు పేరు. 1855లో చనిపోయినట్టు చెబుతున్న రాయి నున్నగా మెరుగుపెట్టిన గ్రానైటు అయి, అక్షరాలు యంత్రంతో చెక్కినట్టు ఉంటే, దాన్ని మనవలో మునిమనవలో చాలాకాలం తర్వాత పెట్టించి ఉంటారు. ఆ తేదీలు వారికి గుర్తున్న తేదీలు మాత్రమే. పైభాగం కొసగా ఉన్న తెల్లటి ప్రభుత్వపు రాయి కాన్ఫెడరేట్ సైనికుడిది. అలాంటి రాళ్ల కోసం 1925 తర్వాత పెట్టుకున్న దరఖాస్తులు దొరుకుతాయి, వాటిలో దరఖాస్తు చేసిన బంధువు పేరు, చిరునామా ఉంటాయి. పుట్టిన తేదీ లేకుండా బతికిన కాలం 72 ఏళ్లు, 3 నెలలు, 14 రోజులు అని చెక్కి ఉంటే, మరణించిన తేదీ నుంచి వెనక్కి లెక్కగట్టి పుట్టిన తేదీ తెలుసుకోవచ్చు.

పాలరాయి మీద అక్షరాలు అరిగిపోతే పక్క నుంచి అద్దంతో వెలుతురు పడేలా చేసి ఫొటో తీయండి, నీడల వల్ల అక్షరాలు తేలుతాయి. సుద్ద రాయడం, షేవింగ్ క్రీము పూయడం, బ్లీచింగ్ వేయడం, తీగ బ్రష్షుతో తోమడం వంటివి ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు. రాయి పొరలు పొరలుగా ఊడిపోతుంది. మంచినీళ్లు, మెత్తని బ్రష్షు చాలు. ప్రతి రాయినీ విడిగా ఒకటి, పక్క రాళ్లతో కలిపి ఒకటి, గేటు దగ్గర పేరు పలకను ఒకటి ఫొటో తీసుకోండి. ఉత్తర జార్జియా, టెన్నెసీ కొండ ప్రాంతాల్లో వేసవి ముందు ఒక ఆదివారం కుటుంబాలన్నీ వచ్చి సమాధులు శుభ్రం చేసి పూలు పెట్టే డెకరేషన్ డే ఆచారం ఉంది. పెద్దవారిని కలవడానికి దానిని మించిన రోజు లేదు. అక్షరాలు లేని రాయి కింద ఎవరున్నారో చెప్పగలిగినవారు ఆ రోజు అక్కడే కుర్చీ వేసుకొని కూర్చుంటారు.

పాత పత్రికల్లో

జార్జియాకు జార్జియా హిస్టారిక్ న్యూస్‌పేపర్స్, టెక్సాస్‌కు పోర్టల్ టు టెక్సాస్ హిస్టరీ, దేశమంతటికీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి క్రానిక్లింగ్ అమెరికా ఉచితంగా ఉన్నాయి. యంత్రం చదివిన అక్షరాలతో వెతుకుతున్నామని గుర్తుంచుకోండి. మసకబారిన అచ్చును అది తప్పుగా చదువుతుంది. పేరుతో దొరకకపోతే పల్లె పేరు, చర్చి పేరు ఇచ్చి చూడండి. ఆడవారిని వారి సొంత పేరుతో వెతికితే చాలాసార్లు దొరకరు. ఆ కాలపు పత్రికలు వారిని భర్త పొడి అక్షరాల ముందు మిసెస్ చేర్చి రాశాయి, కాబట్టి భర్త పొడి అక్షరాలతో వెతకాలి.

సంతాప వార్త దొరికితే, మిగిలిన బంధువుల జాబితాను గబగబా చదివేయకుండా ఒక్కొక్కరినీ విడిగా రాసుకోండి. పెళ్లయిన కూతురు ఏ ఊళ్లో ఉందో, ఆమె అత్తింటి పేరేమిటో అక్కడ తెలుస్తుంది. ఆమె 1919 తర్వాత జార్జియాలో చనిపోయి ఉంటే ఆమె మరణ ధ్రువపత్రంలో తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉండవచ్చు. గురువారం వచ్చిన వారపత్రికలో గత ఆదివారం చనిపోయారని ఉంటే, ఆ ఏడాది క్యాలెండరు తెరిచి తేదీ ఖాయం చేసుకోండి. సంతాప వార్త లేకపోతే కోర్టు ప్రకటనల పేజీకి వెళ్లండి. జార్జియాలో ప్రతి కౌంటీకీ చట్టపరమైన ప్రకటనలు వేసే పత్రిక ఒకటి ఉంటుంది. ఆస్తి నిర్వాహకుడి నియామకం, విధవరాలికి ఏడాది భృతి కోసం దరఖాస్తు, పన్ను బకాయికి భూమి వేలం వంటివి అందులో వారాల తరబడి వస్తాయి. కోర్టుహౌసు కాలిపోయిన కౌంటీల్లో కూడా ఈ ప్రకటనలు బతికి ఉన్నాయి, ఎందుకంటే పత్రిక ప్రతులు వేరే ఊళ్లలో మిగిలాయి. ఎవరు ఆదివారం ఎవరింటికి వెళ్లారో చెప్పే పల్లె కబుర్ల శీర్షికలను చులకన చేయకండి. అక్కచెల్లెళ్ల సంబంధాలు చాలావరకు అక్కడే తేలుతాయి.

తెల్లవారి పత్రికలు నల్లవారి మరణాలను చాలావరకు పట్టించుకోలేదు, రాసినప్పుడు కూడా పక్షపాతంతో రాశాయి. నల్లవారి కుటుంబాల కోసం 1875లో మొదలైన సవానా ట్రిబ్యూన్, 1928లో మొదలైన అట్లాంటా డైలీ వరల్డ్ చూడండి. న్యూ ఆర్లియన్స్‌లో వెలువడిన సౌత్‌వెస్టర్న్ క్రిస్టియన్ అడ్వకేట్ పత్రికలో, బానిసత్వంలో విడదీసి అమ్మేసిన తల్లులను, బిడ్డలను వెతుకుతూ వేయించిన ప్రకటనలు ఉన్నాయి. వాటిని ది హిస్టారిక్ న్యూ ఆర్లియన్స్ కలెక్షన్ వారు పేర్లతో వెతకడానికి వీలుగా పెట్టారు. ఒక్కో ప్రకటనలో పాత యజమానుల పేర్లు, కౌంటీలు, తోబుట్టువుల పేర్లు ఉంటాయి.

సరిచూడడం

ఆధారాలు పొసగనప్పుడు ఎక్కువ అందంగా ఉన్నదాన్ని నమ్మకండి, సంఘటనకు ఎక్కువ దగ్గరగా ఉన్నదాన్ని నమ్మండి. రాయి మీద 1848లో పుట్టినట్టు ఉంది, 1850 పుటలో నాలుగేళ్లు అని ఉంది అనుకుందాం. 1850 లెక్కలకు జూన్ 1 ప్రమాణం. 1848లో పుట్టిన బిడ్డకు ఆ రోజుకు రెండేళ్లకు మించవు. 1900 పుటలో 1846 మార్చి అని కూడా ఉంటే, పిల్లవాడు కళ్లముందు తిరుగుతున్నప్పుడు చెప్పిన వయసే నిజమై ఉంటుంది, రాయి చెక్కించినవారు పొరబడ్డారు. మీ వంశవృక్షంలో 1846 అని రాసి, రాయి మీద ఉన్న సంవత్సరాన్ని, ఎందుకు తోసిపుచ్చారో ఆ కారణాన్ని కూడా కింద రాయండి. ఇతరులు ఇంటర్నెట్లో పెట్టిన వంశవృక్షాల్లో దొరికినది ఆచూకీ మాత్రమే, దాన్ని పైన చెప్పిన మూడింటిలో కనీసం రెండింటితో సరిచూసేవరకు పెన్సిలుతోనే ఉంచండి.

ప్రతి వాక్యం పక్కనా అది ఎక్కడ దొరికిందో రాసుకోవాలి: లెక్కల సంవత్సరం, కౌంటీ, మిలీషియా డిస్ట్రిక్ట్, పుట సంఖ్య, సమాధుల తోట పేరు, వరుస, పత్రిక పేరు, తేదీ, పేజీ. ఇంటర్నెట్లో దొరకనివి మిగిలితే వాటి జాబితా తయారుచేసుకొని అట్లాంటాకు దక్షిణాన ఉన్న మారో పట్టణానికి వెళ్లండి. జార్జియా రాష్ట్ర ఆర్కైవ్స్, అమెరికా జాతీయ ఆర్కైవ్స్ వారి అట్లాంటా శాఖ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. వెళ్లే ముందు ఏ రోజుల్లో తెరిచి ఉంటాయో కనుక్కొని, కౌంటీ పేరు, సంవత్సరాలు, కావలసిన పుస్తకం ఏదో ఒక్కొక్క చీటీ మీద రాసుకొని వెళ్తే అక్కడి సిబ్బంది సరైన మైక్రోఫిల్ము చుట్టను వెంటనే చూపించగలరు. పని ముగిశాక బతికి ఉన్నవారి పేర్లు, పుట్టిన తేదీలు తీసేసి ఒక ప్రతిని ఆ కౌంటీ గ్రంథాలయంలో వంశచరిత్రల విభాగానికి ఇవ్వండి, రాళ్ల ఫొటోలను ఫైండ్ ఎ గ్రేవ్‌లో చేర్చండి.